వినైల్‌ను జర ఆరనీయ్ మామా

హనుమకొండ,
ఆదివారం

అరేయ్ మామా,

ఫోన్లో మాట్లాడితే సగం నీ షాపు ముందు ఆటోల లొల్లిలోనే పోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. వినైల్, అంటే స్టిక్కర్ షీట్ మీద ప్రింట్ తీసే ఎకో సాల్వెంట్ మిషన్ దించావంటే మస్తు సంతోషమైంది. జగిత్యాలలో ఇక ఫ్లెక్స్ ఒక్కటే కాదు, బండ్ల స్టిక్కర్ పని కూడా నీ గడప తొక్కాల్సిందే.

ప్రింట్ తీశాక లామినేషన్ ఎప్పుడు వేయాలి అన్నావు కదా. రేపు అని ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ నువ్వు వినవు. హీటర్ దాటి బయటికి వచ్చేసరికే చేతికి అంటట్లేదు, ఇంకెందుకు ఆగాలి అంటావు. ఎండలో పెట్టిన వడియం చూశావు కదా, పైన గలగలలాడుతుంది, విరిస్తే లోపల పచ్చి. ఇదీ అంతే. ఇంక్‌లోని సాల్వెంట్, అంటే ఆవిరయ్యే ద్రవం, పైపైనే ఉండదు, వినైల్ లోపలికి దిగుతుంది, కింద గమ్‌ను కూడా మెత్తబరుస్తుంది. అది మెల్లగా ఆవిరై పోవాలి. దాని మీద లామినేషన్ షీట్ కప్పేశావంటే పోయే దారి మూసేసినట్టే. ఇక బబుల్స్ వస్తాయి, అంచులు చుట్టుకుంటాయి, సరిగ్గా వ్యాన్ డోర్ మడత దగ్గర లేచి కూర్చుంటుంది. గిరాకీ వచ్చి గమ్ నాసిరకం అని గొడవ పెట్టుకుంటాడు. పాపం, గమ్ ఏం చేసింది?

ఇంక్ కంపెనీలు, మీడియా (ప్రింట్ తీసే రోల్) కంపెనీలు మామూలుగా కనీసం 24 గంటలు అంటాయి. ముదురు రంగులు నిండా ఉంటే 48, ఒక్కోసారి 72 దాకా. నీ రోల్ కంపెనీ డేటా షీట్ ఏం చెబితే అది ఫైనల్. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నాలుగు అక్షరాలుంటే ఒక్క రోజు చాలు. నువ్వు చెప్పిన స్కూల్ వ్యాన్ డిజైన్ మాత్రం మొత్తం ముదురు నీలం, అంచుకు నలుపు. అంత ఇంక్ తాగిన వినైల్‌కు నేనైతే రెండు రోజుల కంటే తక్కువ ఇవ్వను. ముసురు పట్టిందంటే ఇంకో రోజు కలుపుతా.

నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యి. ప్రింట్ తీసిన గంటకు తెల్లగా ఉన్న మూల ఒకటి, నల్లటి మూల ఒకటి వెనక ఉండే రిలీజ్ పేపర్ నుంచి వేలెడంత లేపి చూడు. తెల్లది బిర్రుగా నిలబడుతుంది. నల్లది తడి గుడ్డలా వాలిపోతుంది, కొంచెం లాగితే సాగుతుంది, గమ్ కాగితాన్ని ఒక పట్టాన వదలదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన గుప్పుమంటుంది. రెండు మూలలూ ఒకేలా లేచేదాకా లామినేషన్ మిషన్ జోలికి పోకు. కటింగ్ కూడా అంతే, పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే అంచులు ముడుచుకుంటాయి.

అసలు అందరూ తప్పు చేసేది ఇంకో చోట. 24 గంటలు ఆగాం అంటారు, కానీ రోల్‌ను టేకప్ (ప్రింట్‌ను చుట్టుకునే రాడ్) మీద బిగించి చుట్టే ఉంచుతారు. గాలి తగలని గంటలు లెక్కలోకి రావు మామా. చోటుంటే పరిచి పెట్టు. లేదంటే ప్రింట్ బయటికి వచ్చేలా వదులుగా చుట్టి నిలబెట్టు. అదీ ఉత్త నేల మీద కాదు. సాల్వెంట్ ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. టమాటాలు వచ్చే చిల్లుల ప్లాస్టిక్ ట్రే బోర్లించి, దాని మీద రోల్ నిలబెట్టి, పక్కన చిన్న ఫ్యాన్ పెట్టు. తలుపులు మూసి ఏసీ వేస్తే ఆ వాసన గదిలోనే తిరుగుతుంది. కిటికీ తెరువు, కానీ రోడ్డు దుమ్ము నేరుగా మీద పడకుండా చూసుకో. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు పోయే రోజుల్లో ఒక్క దూది పోగు లామినేషన్ కింద ఇరుక్కుందా, ఇక బండి ఉన్నన్నాళ్లూ కనబడుతుంది. ఇంకోటి, పొద్దున అగర్‌బత్తీలు, దీపం ఆ రోల్స్ దగ్గర వద్దు, అంటుకునే సరుకు అది. రాత్రి ఆ గదిలో పడుకోవడం కూడా మానెయ్.

త్వరగా ఆరాలని హీటర్ పెంచుతానన్నావు. కొంచెం పెంచితే మేలే. మరీ పెంచితే వినైల్ అలలు తేలి, ఇంక్ చిమ్మే హెడ్‌కు తగులుతుంది. హెడ్ రేటు నీకు తెలుసు కదా!

హైదరాబాద్‌లో ప్రింట్ తీయగానే లామినేషన్ వేస్తున్నారన్నావు, అది బహుశా లేటెక్స్ మిషన్. నీళ్ల ఆధారంగా ఉండే ఇంక్ అది, మిషన్లోనే పూర్తిగా ఆరి గట్టిపడుతుంది. యూవీ ఇంక్ కూడా లైట్ కిందే గట్టిపడుతుంది. వాళ్లను చూసి మనం చేస్తే మునుగుతాం.

ఇక గిరాకీతో మాట. మేడారం జాతర ముందు ఎట్లుంటుందో తెలుసు కదా, బ్యానర్ రేపే కావాలంటారు. ఫ్లెక్స్‌కు లామినేషన్ లేదు కాబట్టి ఇచ్చేస్తాం. ఆ అలవాటుతోనే వినైల్ కూడా రేపే కావాలంటారు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే నాలుగు రోజులని బిల్లు మీద రాసెయ్. ఆ స్కూల్ వాళ్లకు సోమవారం ఇస్తానన్నావట, ఇవాళే ఫోన్ చేసి గురువారానికి మార్చు. పేస్టింగ్‌కు మనిషి దొరక్కపోతే బుధవారం రాత్రి చెప్పు, మా దగ్గరి పిల్లగాడిని పొద్దున బస్సుకే పంపిస్తా.

నీ దోస్తు