చైర్మన్ బావమరిది దుకాణం

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసి పదవీ విరమణ పొందాను. అనంతపురం జిల్లాలో నాకున్న ఆరెకరాల్లో వేరుశనగ వేస్తూ, మా ప్రాంతంలో రైతులే వాటాలు వేసుకుని నడుపుకునే ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాదారుగా ఉన్నాను. ఇటీవల ఆ కంపెనీ సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతుంటే ఒక పద్దు దగ్గర నా చెవి ఆగింది. ఏడాది పొడవునా ఎరువులన్నీ ఒకే దుకాణం నుంచి కొన్నారు. ఆ దుకాణం చైర్మన్ భార్య తమ్ముడిది. ఊళ్లో ఈ సంగతి తెలియనివారు లేరు, సమావేశంలో అడిగినవారూ లేరు. నేను లేచి అడిగితే, "మార్కెట్ ధరకే కదా సార్ కొన్నది, మనకు నష్టమేముంది?" అని పక్కన కూర్చున్న సభ్యులే సర్దిచెప్పారు.

నష్టం ధరలో లేదు. మేము ఈ కంపెనీని పెట్టుకున్నది విత్తనం కోసం. రబీలో పండిన మంచి కాయను మార్చి, ఏప్రిల్ నెలల్లో సభ్యుల దగ్గరే కొని, శుభ్రం చేసి, నిల్వ ఉంచి, ఖరీఫ్ అదునుకు మళ్లీ సభ్యులకే ఇవ్వాలన్నది మొదటి తీర్మానం. విత్తనకాయల కోసం ఎండలో వరుసకట్టడం, దొరకకపోతే అప్పు చేసి వ్యాపారి చెప్పిన ధరకు కొనడం మా జిల్లా రైతుకు ఏటా ఉన్న బాధే. అయితే కాయలు కొంటే డబ్బు రెండు మూడు నెలలు గోదాములో ఇరుక్కుంటుంది. ఎరువుల్లో పెడితే త్వరగా తిరిగివస్తుంది. అలా వాటాధనమంతా అటు మళ్లింది. విత్తనం పని మానేద్దామని ఎవరూ తీర్మానించలేదు. చైర్మన్ మనసులో ఏ పని ముందుందో కంపెనీ ఆ దారిన నడిచింది, అంతే.

ఆయనను దొంగ అనను. ప్రతి కొనుగోలుకూ రసీదు ఉంది. చట్టం కూడా ఆయనకు అడ్డు రాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టరుకు ఎవరెవరు బంధువులో ఒక జాబితా ఉంది. జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందులో ఉన్నారు. బావమరిది లేడు. మన ఊళ్లలో వ్యాపారాలు ఎవరెవరి పేర్ల మీద నడుస్తాయో ఎరిగినవారికి ఆ సందు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. "ఇది మా ఇంటివాళ్ల దుకాణం, దీని సంగతి మీరు తేల్చండి" అని చెప్పి కుర్చీలోంచి లేచే మనిషిని మనం ఎన్నుకున్నామా లేదా అన్నదే ఇక మిగిలే ప్రశ్న.

ఇది చిన్న కంపెనీల అమాయకత్వం అనుకోవద్దు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ పాలకమండలిలో పేరున్న ఆచార్యులు, మాజీ ఉన్నతాధికారులు ఉండేవారు. 2008లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు ఆ సంస్థకు అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి ఆ పాలకమండలే ఆమోదం తెలిపింది. మదుపరులు తిరగబడితే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న చైర్మన్ స్వయంగా రాసిన లేఖతో, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లోకానికి తెలిసింది. ఆడిటర్లు, కమిటీలు అన్నీ ఉండి కూడా ఆపలేకపోయాయి.

మంచి దారి చూడడానికి దూరం పోనక్కరలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర తింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో ఒక బీడు భూమిని పచ్చబరచడంతో మొదలైంది. దాని అండతో రైతులు పెట్టుకున్న ధరణి సహకార సంఘం రసాయనాలు లేకుండా పండించిన చిరుధాన్యాలు, వేరుశనగ సభ్యుల దగ్గర కొని అమ్ముతోంది. అక్కడ భూమి బాగుండాలన్న పట్టుదల ముందు పుట్టింది, వ్యాపారం దాని వెంట వచ్చింది.

ఉద్యోగంలో ఉండగా కడప వైపు ఒక పల్లెలో చూసినది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వేరుశనగ కొనుగోళ్ల రోజుల్లో సంఘం అధ్యక్షుడు తన కాయలను అందరి తర్వాతే కాటాకు పెట్టేవారు. ఒకసారి గోనె సంచులు చాలక ఆయన కాయలు కళ్లంలోనే ఉండిపోయి వానకు తడిశాయి. తేమ ఎక్కువని గుమాస్తా తరుగు తీస్తుంటే ఒక్క మాట అనకుండా నిలబడ్డారు. పాలకవర్గం వారి సరుకు చివరనే తూచాలని ఆ సంఘం తర్వాత తీర్మానం రాసుకుంది. ఆయన కాలం చేశాక చాలా ఏళ్లకు నేను మళ్లీ తనిఖీకి వెళ్లాను. కొత్త అధ్యక్షుడు తన మూటలతో వరుస చివర నిలబడి ఉన్నారు.

2020లో కేంద్రం తెచ్చిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల (ఎఫ్‌పీవోల) పథకం కింద ఒక్కో సంస్థకు మూడేళ్లలో నిర్వహణకు 18 లక్షల రూపాయల వరకు, వాటాధనానికి జతగా 15 లక్షల వరకు సాయం అందుతుంది. అది ప్రజల సొమ్ము. నేను హాజరైన శిక్షణ తరగతుల్లో వ్యాపార ప్రణాళిక నేర్పారు, జీఎస్టీ నేర్పారు, ఇంటి వ్యాపారాన్ని కంపెనీకి దూరంగా ఎలా ఉంచాలో ఎవరూ మాట్లాడలేదు. సాయం విడుదల చేసేముందు నాబార్డు వంటి అమలు సంస్థలు డైరెక్టర్ల ఇంటివారు, అత్తింటివారు కంపెనీతో చేస్తున్న లావాదేవీల జాబితా రాయించుకోవాలి. దాన్ని రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి.

మా కంపెనీ కూడా ఇలాంటి జాబితా రాసి అంటించాలన్న తీర్మానాన్ని, విత్తనకాయల పని మళ్లీ మొదలుపెట్టాలన్న విన్నపంతో కలిపి, మా కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు రాలేదు. రబీ కాయలు కళ్లాలకు చేరేలోగా దాన్ని సభ్యుల ముందు చర్చకు పెట్టాలని మీ పత్రిక ద్వారా మా పాలకవర్గాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సహకార ఆడిటరు,
అనంతపురం జిల్లా