శనివారం సెషన్: ముందు కాలమ్ పేర్లు సరిచేసుకోండి

అందరికీ నమస్కారం 🙏

శనివారం సాయంత్రం 6కి గుంటూరు మిర్చి ధరల షీట్లన్నీ పాండాస్‌లో (పట్టికల పనికి వాడే పైథాన్ లైబ్రరీ) కలుపుతున్నాం. ఒక షీట్లో ‘ధర’, ఇంకోదాంట్లో ‘రేటు’, మరోదాంట్లో ‘ధర’ తర్వాత ఒక ఖాళీ. ఇలాగే కాంకాట్ చేస్తే, అంటే ఒకదాని కింద ఒకటి కలిపేస్తే, ఎర్రర్ రాదు. మూడు వేర్వేరు కాలమ్‌లు వచ్చి వాటిలో చాలా గడులు ఖాళీగా మిగులుతాయి. అసలు తంటా అదే.

శుక్రవారం రాత్రిలోపు మీ వంతు షీట్‌కి:

👉 కాలమ్ పేర్లన్నీ ప్రింట్ చేసి చూడండి. ఇంగ్లిష్ పేర్లుంటే చిన్నక్షరాల్లోకి మార్చండి.
👉 స్ట్రిప్ వాడండి. అది పేరుకి మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలే తీస్తుంది. ‘క్వింటాల్’ లాంటి పొల్లు ఉన్న మాటల్లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం దాక్కుని ఉండొచ్చు, దాన్ని రీప్లేస్‌తో విడిగా తీసేయాలి. తెలుగు హెడింగులకు ఇది మరీ ముఖ్యం.
👉 మీ షీట్‌లోని పాత పేరు, కొత్త పేరు జతలు గ్రూప్ షీట్లో రాయండి. కాలమ్ పేర్లు మార్చే రీనేమ్‌కి ఇచ్చే డిక్షనరీ (జతల జాబితా) అదే.

రీనేమ్‌లో ఎర్రర్స్ ఈక్వల్ టు రెయిజ్ (errors="raise") పెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే పేరు దొరక్కపోయినా కిమ్మనదు.

‘ధర.1’ కనిపిస్తే షీట్లో ఒకే కాలమ్ పేరు రెండుసార్లు ఉండి, రెండోదానికి పాండాస్ ‘.1’ తగిలించినట్టు. తొందరపడి డిలీట్ చేయకండి, ఒకటి కనిష్ఠం, ఇంకోటి గరిష్ఠం కావచ్చు.

ఒరిజినల్ ఫైల్ మాత్రం ముట్టుకోవద్దండీ. పని అయిపోయినవాళ్లు 👍 పెట్టండి.