బాలానగర్ నుంచి వచ్చిన పెద్దాయనకు దండం

నిన్న సాయంత్రంతో మా ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పిల్లల ప్రాక్టికల్స్ అయిపోయాయి. వారం రోజులుగా సరిగా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా ఐటీఐ జిల్లా పరిషత్ బడి వెనక రెండు గదుల్లో మొదలైంది. వర్క్‌షాప్ మీద రేకులు ఊరివాళ్ల చందాతో వేసినవే. అందులోకి కొత్త లేత్ మిషను (ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కేది) వచ్చి పద్నాలుగు నెలలు టార్పాలిన్ కింద పడి ఉంది. బిగించే దిక్కు లేదు. రెండేళ్ల కోర్సులో ఇరవై మంది పిల్లలు లేత్‌ను బొమ్మలోనే చూశారు.

విసుగొచ్చి వాట్సాప్‌లో రాస్తే అది చేతులు మారి ఎవరికో చేరింది. రెండో రోజు మొదటి బస్సుకే ఒక పెద్దాయన దిగారు. హైదరాబాద్‌లో ఫ్యాక్టరీలుండే బాలానగర్‌లో ముప్ఫై ఏళ్లు లేత్ మీద పనిచేశారట. సంచిలో మట్టం చూసే స్పిరిట్ లెవెల్, మందం కొలిచే మైక్రోమీటర్, ఒక లుంగీ. అంతే.

బెడ్ మీద, అంటే మిషను అడుగు దిమ్మె మీద, నిలువునా అడ్డంగా లెవెల్ పెట్టడం, మిషను కాళ్ల కింద రేకు ముక్కలు దోపడం, బోల్టు పావు చుట్టు బిగించి మళ్లీ చూడటం. బెడ్ వంకర ఉంటే కడ్డీ ఒక కొసన లావుగా, ఇంకో కొసన సన్నంగా వస్తుంది. మూడో రాత్రి కడ్డీ తిప్పి కొలిస్తే తేడా 0.02 మిల్లీమీటర్లు. నేను ఎగిరి గంతేశాను. ఆయన మాత్రం "ఇంకొంచెం పోతది బిడ్డా" అని మళ్లీ స్పానర్ అందుకున్నారు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే వంగి నేల ఊడుస్తున్నారు. చీపురు అడిగితే ఇవ్వలేదు. "పోరగాళ్లు చెప్పులేసుకొని వస్తరు, రజను గుచ్చుకుంటది" అన్నారు. పదకొండేళ్లుగా వాళ్లకు సేఫ్టీ పాఠం చెబుతున్నది నేను. వాళ్ల కాళ్ల వంక ఒక్కసారీ చూడలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చాను. బస్సు చార్జీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

దేశంలో ఐటీఐల్లో నడిచే ఈ క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ మొదలైంది 1950లో. ఇప్పటికీ మిషను కొనడానికి ఒక ఫైలు, బిగించడానికి ఇంకో ఫైలు. రెండోది ఎక్కడుందని ఆఫీసులో అడిగితే "ఏటీవో (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) మీరే కదా, చూసుకోండి" అన్నారు. సరే, ఇప్పుడు ఆ గొడవ ఎందుకు.

దండం పెట్టాల్సినవాళ్లలో మా ఇంటావిడ, తమ్ముడు ఎలాగూ ఉన్నారు.

అయ్యో, మరిచాను. మిషను జరపడానికి గొలుసులు తెచ్చిన ట్రాక్టర్ తమ్ముడు, త్రీఫేజ్ కలిపిన లైన్‌మన్ అన్న, రేకు ముక్కలు ఊరికే ఇచ్చిన వెల్డింగ్ షాపాయన. మొదట్లో ఆ రెండు గదులిచ్చిన హెడ్మాస్టరు గారు కూడా. రిటైరయ్యారు, ఎవరైనా ఆయనకు ఈ పోస్టు చూపించండి. ఇంకా అర్ధరాత్రి టీ పంపిన అక్క. ఫ్లాస్కు మా దగ్గరే ఉండిపోయిందక్కా, రేపు తెచ్చిస్తా.