కుక్క బీమాలో ప్రీమియం ఆఖర్న చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల వైద్యం ఖరీదైంది. ఒకప్పుడు డాక్టరు చేత్తో తడిమి, థర్మామీటరు పెట్టి చూసి మందు రాసిన కేసుకు ఇప్పుడు రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే గుండె స్కానింగ్ కూడా చేస్తున్నారు. వైద్యం మెరుగుపడింది, బిల్లూ దానితోపాటే పెరిగింది. ఆ బిల్లులు చూసి బీమా కంపెనీలు ప్రీమియం పెంచుతున్నాయి. పెంపకందార్లేమో ఫోన్లో నాలుగు కొటేషన్లు తెప్పించుకుని, తక్కువ ఉన్న దానికి డబ్బు కట్టేస్తున్నారు. పశువైద్యంలో ఒకరం, బీమా క్లెయిముల పరిశీలనలో ఒకరం పనిచేస్తున్నాం. ఇలా ఎంచుకోవడంలో ఏం పొరపాటు జరుగుతోందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

మన దేశంలో కుక్కల బీమా అంటే ఒకే రకం సరుకు కాదు. న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ కంపెనీల పాత పాలసీలు పశువుల బీమా దారిలో వచ్చినవి. వాటిలో ప్రధానంగా దొరికేది కుక్క చనిపోతే దాని ఖరీదు. చికిత్స ఖర్చు కావాలంటే ఉందో లేదో విడిగా అడగాలి. 2020లో బజాజ్ అలియాంజ్ పాలసీ వచ్చాక, ఆ తర్వాత మరికొన్ని ప్రైవేటు కంపెనీలు దిగాక, ఆపరేషన్, ఆస్పత్రి ఖర్చు ప్రధానంగా ఉండే పాలసీలు వచ్చాయి. మరణం, దొంగతనం, ఓపీ (ఆస్పత్రిలో చేర్చకుండా చేయించే వైద్యం), కుక్క ఎవరినైనా కరిస్తే కట్టాల్సిన పరిహారం వంటివి చాలాచోట్ల అదనపు కవర్లు. ఒక్కోదానికి ఒక్కో రేటు. కాబట్టి రెండు ప్రీమియంలను పోల్చే ముందు రెండూ ఒకే సరుకుకు చెబుతున్న ధరలేనా అన్నది తేల్చుకోవాలి.

ఎక్కువ క్లెయిములు దెబ్బతినేది ‘హాస్పిటలైజేషన్’ నిర్వచనం దగ్గర. మన ఊళ్లలో కుక్కలకు తరచుగా వచ్చే పెద్ద జబ్బులు రెండు. పిల్లల్లో పార్వో అనే వైరస్ జబ్బు, అన్ని వయసుల్లో టిక్ ఫీవర్. పార్వో వచ్చిన పిల్లకు వాంతులు, నెత్తురు విరేచనాలు ఉంటాయి. నాలుగైదు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, సెలైన్ ఎక్కించాలి. అయితే రాత్రిపూట సిబ్బందితో కుక్కల్ని ఉంచుకునే క్లినిక్కులు మన దగ్గర తక్కువ. పొద్దున తీసుకెళ్తే రెండు మూడు గంటలు డ్రిప్ పెట్టి పంపిస్తారు, సాయంత్రం మళ్లీ రమ్మంటారు. టిక్ ఫీవర్‌దీ ఇదే తీరు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా సోకితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దాదాపు నాలుగు వారాలు వాడాలి, మధ్యలో రెండు మూడుసార్లు రక్తపరీక్ష చేయించాలి. ఈ కోర్సులో కుక్క ఒక్క రాత్రి కూడా ఆస్పత్రిలో పడుకోకపోవచ్చు. పాలసీలో 24 గంటల అడ్మిషన్ నిబంధన ఉంటే ఈ రెండు జబ్బుల ఖర్చూ ఓపీ కిందికి పోతుంది. ఓపీ కవర్ తీసుకోలేదంటే చేతికి రూపాయి రాదు. అందుకని కంపెనీకి ఈమెయిల్లో ఒక ప్రశ్న పంపండి: ‘క్లినిక్‌లో రోజూ డ్రిప్ పెట్టించి ఇంటికి తీసుకొస్తే మీరు చెల్లిస్తారా?’ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు నోటిమాట క్లెయిము రోజున పనికిరాదు.

తర్వాత చూడాల్సింది వయసు. మనుషుల ఆరోగ్య బీమాలో ఉండే జీవితాంతం రెన్యువల్, కంపెనీ మారినా వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక క్లెయిము చెల్లని తొలి గడువు) లెక్క వెంట రావడం, కొన్నేళ్లు దాటాక పాత జబ్బు సాకుతో తిరస్కరించకూడదన్న నియమం, ఇవన్నీ మనుషుల కోసం రాసినవి. కుక్కల పాలసీలకు వర్తిస్తాయని అనుకోకండి. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ వంటి భారీ జాతులను నాలుగేళ్లు, మిగతావాటిని ఏడేళ్లు దాటితే కొత్తగా చేర్చుకోని పాలసీలున్నాయి. చేరినవాటికీ ఆరేళ్లకో, పదేళ్లకో రెన్యువల్ ఆగిపోతుంది. ల్యాబ్రడార్‌కు కీళ్లు, గుండె, కణుతుల ఖర్చు మొదలయ్యే వయసు సరిగ్గా అదే. కంపెనీ మారితే వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు, పాత కంపెనీ దగ్గర బయటపడిన జబ్బు కొత్త కంపెనీకి ‘ముందే ఉన్న జబ్బు’ అవుతుంది. వెయ్యి రూపాయలు తక్కువని ఏటేటా కంపెనీ మార్చేవారు నష్టపోయేది ఇక్కడే.

వంశపారంపర్య జబ్బుల మినహాయింపును మీ కుక్క జాతి పక్కన పెట్టి చదవాలి. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లలో తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం, పగ్‌లలో ఊపిరి ఇబ్బంది, షిహ్ ట్జూలలో కంటి సమస్యలు జాతితో వచ్చేవే. వాటిని మినహాయించిన పాలసీని ఆ జాతి కుక్కకే కొంటే, రావడానికి ఎక్కువ అవకాశమున్న ఖర్చును బయటపెట్టి మిగతాదానికి డబ్బు కట్టినట్టు. దేశీ కుక్కలకు ఈ బెడద తక్కువ. కానీ కొన్ని పాలసీలు వాటిని తీసుకోవు, తీసుకునే కంపెనీ ఏదో ముందే కనుక్కోవాలి.

ఇక లెక్కల సంగతి. ఆడకుక్కకు గర్భాశయంలో చీము పట్టి ఆపరేషన్ అయింది, బిల్లు 40,000 అనుకుందాం. పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం 25,000, కో-పే (మీరు భరించాల్సిన వాటా) 20 శాతం. కో-పేని ముందు బిల్లు మీద కోస్తే 32,000 మిగులుతుంది, పరిమితి ప్రకారం 25,000 వస్తుంది. పరిమితిని ముందు పెట్టి ఆ తర్వాత కో-పే కోస్తే వచ్చేది 20,000. అంకెలన్నీ అవే, వరస మారినందుకు 5,000 తేడా. ఈ వరస ఏమిటో పాలసీ వర్డింగ్‌లో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. బ్రోచర్‌లో ఉండదు. పరీక్షలకు, మందులకు విడివిడిగా ఉప-పరిమితులుంటే ఇంకా తగ్గుతుంది. ఆహారం, గ్రూమింగ్, మెడకు తొడిగే కోన్ లాంటివి లెక్కలోకి రాకపోవచ్చు.

ప్రీమియం భారమైతే ఏది వదులుకోవాలి? మా అభిప్రాయంలో ముందు మరణం, దొంగతనం కవర్లు. కుక్క పోయిన దుఃఖాన్ని ఆ డబ్బు తీర్చదు, పైగా పోస్ట్‌మార్టం సర్టిఫికెట్, పోలీసు ఫిర్యాదు నకలు లేనిదే అవి రావు. మన ఎండల్లో శవం గంటల్లో పాడవుతుంది. ఆ కవర్ ఉంచుకునేవారు పూడ్చకముందే కంపెనీకి తెలియజేసి, పోస్ట్‌మార్టం వెంటనే చేయించాలి. ఆపరేషన్ కవర్ మాత్రం తగ్గించకండి. థర్డ్ పార్టీ కవర్, అంటే కుక్క ఎవరినైనా కరిస్తే పరిహారం కట్టేది, అపార్ట్‌మెంట్లో ఉండేవారికి తప్పనిసరి అంటాం. లిఫ్ట్‌లో పక్కింటి పిల్లాడిని కరిస్తే అడిగే పరిహారం కుక్క ఖరీదును దాటిపోవచ్చు. అయితే నిర్లక్ష్యంగా వదిలినందుకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద పడే శిక్ష, అంటే ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా లేదా రెండూ, ఏ పాలసీ భరించదు. తాడు లేకుండా బయటికి తేకపోవడమే దానికి బీమా.

కాగితాల విషయంలో మన అలవాట్లు మారాలి. చాలా క్లినిక్కుల్లో చిన్న చీటీ మీద ‘టామీ, 1,500’ అని రాసి ఇస్తారు. అది బిల్లు కాదు. బిల్లు మీద యజమాని పేరు, కుక్క పేరు, జాతి, వయసు, మైక్రోచిప్ నంబరు, తేదీ, దేనికెంతో విడివిడిగా, డాక్టరు సంతకం, రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద పెడతారు, 15 అంకెల నంబరు. దానికి ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే కంపెనీలున్నాయి. చిప్ లేకుంటే ముఖం, రెండు పక్కలు, మచ్చలు కనిపించే ఫొటోలు ఏటా కొత్తగా తీసి పెట్టుకోండి. మూడు నెలల పిల్లప్పటి ఫొటో ఇచ్చి మూడేళ్ల షెపర్డ్‌కు క్లెయిము అడిగితే అది ఈ కుక్కేనా అన్న అనుమానం రాక మానదు.

వ్యాక్సినేషన్ కార్డు ఇంకా ముఖ్యం. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా టీకాలు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. తర్వాత డాక్టరు రాసిన తేదీ ప్రకారం బూస్టర్లు. ప్రతి టీకాకూ సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, సంతకం, ముద్ర కార్డులో ఉండాలి. బూస్టర్ తేదీ దాటాక పార్వో వచ్చిందా, టీకాతో ఆపగలిగిన జబ్బు అని తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరికినట్టే.

మరొకటి చెప్పాలి, ఇది మా డాక్టర్లకూ వర్తిస్తుంది. ‘ఎన్నాళ్లుగా కుంటుతోంది?’ అని అడిగితే చాలామంది ‘ఏదో రెండు మూడు నెలల్నుంచి’ అంటారు. కేస్ షీట్‌లో అదే ఎక్కుతుంది. పాలసీ తీసుకుని నెలన్నరే అయితే ఆ ఒక్క మాట క్లెయిమును ముందే ఉన్న జబ్బుగా మార్చేస్తుంది. అబద్ధం చెప్పమని కాదు. కుంటడం నిజంగా ఏ రోజు మొదలైందో గుర్తు చేసుకుని చెప్పండి, డాక్టర్లు అదే రాయండి. నిజంగా రెండు నెలల కిందటిదే అయితే మాత్రం ఆ క్లెయిము పెట్టకండి.

ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకు ఇప్పుడు పాలసీ వెతకడం కన్నా ఆ డబ్బు విడిగా దాచడం మేలని మా సలహా. నెలకు 1,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మూడేళ్లకు వడ్డీ కాక 36,000. ముసలి కుక్కల ఖర్చు ఎక్కువగా మందులు, పరీక్షల రూపంలో నెలనెలా వస్తుంది, బీమాకు సరిపడే పద్ధతిలో రాదు. పిల్లను తెచ్చుకున్నవారైతే మొదటి ఏడాదిలోనే, ఏ జబ్బూ కాగితం మీదికి ఎక్కకముందే పాలసీ తీసుకోవాలి. మధ్య వయసు కుక్కల విషయం జాతిని బట్టి, జేబును బట్టి.

బీమా ఉన్నా లేకున్నా ఖర్చు తగ్గించే దారులున్నాయి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు మన చేతిలో ఉన్నవే. కాస్త నిరీక్షించాల్సి వస్తుంది, అంతే. అక్కడి ఓపీ చీటీ, రసీదు పారేయకండి. పిల్లలు వద్దనుకున్న ఆడకుక్కకు గర్భసంచి తీయించడం ఏ పాలసీలోనూ రాకపోవచ్చు, అయినా పైన చెప్పిన చీము ఆపరేషన్‌తో పోలిస్తే చవక. పిడుదులకు మాత్ర గానీ మెడ మీద వేసే మందు గానీ ఏడాదంతా ఆపకుండా వాడాలి, వేసవిలో ఒక్కటే కాదు. ఇంకో విషయం: పశువైద్య సేవలకు జీఎస్‌టీ లేదు. మందులకు, ఆహారానికి, గ్రూమింగ్‌కు ఉంటుంది. ఆపరేషన్ చార్జీ మీద జీఎస్‌టీ వేసి ఉంటే ఎందుకని అడగండి.

కంపెనీలను కోరేది ఒకటే: డే-కేర్ డ్రిప్ చికిత్సను హాస్పిటలైజేషన్‌లో చేర్చండి, మన క్లినిక్కులు నడిచే తీరు అది. చేర్చలేకపోతే ఆ సంగతి తెలుగులో మొదటి పేజీ మీద రాయండి. క్లినిక్కులు రేట్ల పట్టిక గోడకు పెట్టాలి, బిల్లు అచ్చు వేసి ఇవ్వాలి.

క్లెయిము అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని, బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆయన పరిధిలోవే. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీ నకలు, తిరస్కరణ లేఖ, బిల్లులు, టీకా కార్డు, ముందే ఈమెయిల్లో అడిగి తీసుకున్న జవాబు జతచేయండి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు, ఒక బీమా క్లెయిముల పరిశీలకుడు
హైదరాబాద్