పసుపెక్కుతున్న పైషీట్ల సంగతి

మా సోలార్ వేడినీళ్ల కలెక్టర్లు వాడుతున్నవారికి,

ఈమధ్య పంపిన కొన్ని కలెక్టర్లలో పాలికార్బనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ పైషీటు పసుపు రంగుకు తిరుగుతోంది. పసుపెక్కిన ప్రతి షీటునూ మా ఖర్చుతో మారుస్తాం. ఎందుకిలా అయిందో కూడా మీకు తెలియాలి.

పాలికార్బనేట్ ఒట్టిగా ఎండకు నిలవదు. అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి పెళుసు బారుతుంది. అందుకే షీటు తయారీలోనే ఒక ముఖానికి సుమారు 50 మైక్రాన్ల రక్షణ పొర కలుపుతారు. అది కంటికి కనపడదు, వేలికి తగలదు. ఏ ముఖం ఎండకు పెట్టాలో చెప్పేది దానిమీద అతికించిన అచ్చు ఫిల్ము ఒక్కటే. సప్లయర్ ఆ ఫిల్మునే రెండో వైపు అతికించి పంపాడు. అచ్చున్న వైపే పైకి బిగించాం, రక్షణ పొర లోపలికి పోయింది. అడిగితే వచ్చిన జవాబు, 'మీరే తిరగేసి బిగించారు' అని! వాడని షీట్లు ఫిల్ముతో సహా మా దగ్గరున్నాయి. చీకట్లో యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే రక్షణ పొర ఉన్న ముఖం నీలంగా మెరుస్తుంది, వీటిలో అచ్చు లేని ముఖమే మెరుస్తోంది. అది చూపించినా ఒప్పుకోలేదు. పోనివ్వండి, ఇక అతని సరుకు మా గడప తొక్కదు.

ఇంకా పసుపెక్కని షీటునూ ఇలాగే చూసుకోవచ్చు. బయటి ముఖం మెరిస్తే మీది మంచిదే. మెరవకపోతే ఫోటో పంపండి. తిరగేసి బిగిస్తే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. దెబ్బతిన్న ముఖం కోలుకోదు, పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన పడింది గాజుకు మారాలా వద్దా అన్నదాని మీద. వెలుతురు లెక్కలో గాజుదే పైచేయి. ఇనుము తక్కువున్న టఫెన్డ్ గాజు ఎండలో 90 శాతం దాకా లోపలికి వదులుతుంది, మేం వాడే 6 మి.మీ. ట్విన్‌వాల్ (రెండు పలకల మధ్య గాడులున్న) పాలికార్బనేట్ షీటు 80 దగ్గర ఆగుతుంది. కానీ 4 మి.మీ. గాజు చదరపు మీటరుకు 10 కిలోలు, మా షీటు 1.3. గాజుకు ఫ్రేము మొత్తం మార్చాలి, ఒక్కరే ఎత్తి బిగించుకునే వీలు పోతుంది. ఇంకో చిక్కు, లోపలి అబ్జార్బరు, అంటే ఎండ వేడిని పట్టి నీళ్లకు అందించే పలక, పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్. అది 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి ఉబ్బుతుంది. మిట్టమధ్యాహ్నం పంపు ఆగిపోతే, లోపలికొచ్చే ప్రతి అదనపు శాతం ఎండా దానికి గండమే. పాలికార్బనేటే ఉంటుంది.

'ప్లాస్టిక్ కాబట్టే ఇలా' అని కొందరన్న మాట మాత్రం మింగుడు పడలేదు. రాగితో పోలిస్తే పాలీప్రొపిలీన్ వేడిని పంపేది రెండువేల వంతుల్లో ఒక వంతే, అది తెలిసే రాగి అబ్జార్బర్లలోలా ట్యూబులు, రెక్కలు పెట్టకుండా అబ్జార్బరు వెడల్పంతా నీళ్లు పారేలా చేశాం. చెడింది ఆ భాగం కాదు.

కొత్త షీటు మీరే బిగిస్తే గాడులు నిలువుగా ఉండాలి. పై అంచుకు అల్యూమినియం టేపు, కింది అంచుకు గాలాడే టేపు వేయండి, లేకపోతే చెమ్మ గాడుల్లో నిలిచి నాచు పడుతుంది. 2 మీటర్ల షీటు 60 డిగ్రీల తేడాకు సుమారు 8 మి.మీ. సాగుతుంది. కాబట్టి మధ్య స్క్రూ ఒక్కటే బిగుతుగా పెట్టి, మిగతా 6 మి.మీ. స్క్రూలకు 14 మి.మీ. రంధ్రాలు వేసి, వెడల్పాటి ఈపీడీఎం రబ్బరు వాషర్లు వాడండి. పీవీసీ వాషర్లు వద్దు, వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజరు పాలికార్బనేటును పగలగొడుతుంది. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ కూడా వద్దు, ఆ వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకమే తీసుకోండి.

పని పొద్దున్నే పెట్టుకోండి. షీటు విప్పి ఉన్నంతసేపూ అబ్జార్బరు మీద మందపాటి గుడ్డ కప్పండి, నీళ్లు ఖాళీ చేయకండి.