పుర్రచేతి పిల్లకి పాయింట్ టూటూ

మల్కాజిగిరి,
ఆదివారం రాత్రి

చిన్నీ,

మధ్యాహ్నం ఫోన్లో గబగబా మూడు రైఫిల్ కంపెనీల పేర్లు చెప్పావు. ఆన్షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్. ‘ఏదైనా ఫర్వాలేదమ్మా, మా సీనియర్ అక్క దగ్గరున్నలాంటిదైతే ఇంకా మంచిది’ అన్నావు. నేను పెన్ను వెతుక్కునేలోపే మీ హాస్టల్లో ఫోన్ టైమ్ అయిపోయింది. మళ్లీ ఆదివారం దాకా నువ్వు మనసులో లెక్కలేసుకుంటూ కూర్చుంటావని నాకు తెలుసు, అందుకే రాస్తున్నా. రేపు మీ నాన్నకి లింగంపల్లి వైపు పనుంది, గేటు దగ్గర ఇచ్చి వస్తారు.

ముందు అసలు మాట చెప్పేస్తాను. పాయింట్ టూటూ (.22) రైఫిల్ కొంటాం. ఈ సీజన్‌కి మాత్రం కాదు. కొన్నప్పుడు కూడా అక్క దగ్గరున్నలాంటిది కొనం. అలగకుండా మొత్తం చదువు.

మొన్న గచ్చిబౌలి రేంజ్‌లో క్లబ్బు పాయింట్ టూటూ తీసుకుని నువ్వు ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకున్నప్పుడు నేను వెనక కుర్చీలోనే ఉన్నాను. అందరూ స్క్రీన్ మీద స్కోరు చూస్తున్నారు, నేను నీ చేతులు చూస్తున్నాను. ఆ రైఫిల్ బోల్ట్, అదే రౌండ్ పెట్టడానికి లాగి మూసే పిడి, కుడి పక్కన ఉంది. నీదేమో పుర్రచేతి వాటం. షాట్ అవగానే నీ ఎడమ చెయ్యి గ్రిప్ వదిలేసి, రైఫిల్ మీదుగా అవతలి పక్కకి వెళ్లి, బోల్ట్ లాగి, ఖాళీ గుల్ల పడేసి, కొత్త రౌండ్ పెట్టి, బోల్ట్ మూసి, మళ్లీ గ్రిప్ దగ్గరికి రావాలి. ఈలోపు భుజం లేస్తోంది. రైఫిల్ వెనక చివరనుండే బట్ ప్లేటు భుజంలోంచి కాస్త జారుతోంది. చెంప చీక్‌పీస్‌ని వదిలేస్తోంది. ఎడమ మోచెయ్యి మ్యాట్ మీద ఒక అంగుళం పక్కకి జరుగుతోంది. ఒక్కో షాట్‌కీ పొజిషన్ మొదటి నుంచి కట్టుకున్నట్టే అవుతోంది. త్రీ పొజిషన్ అంటే నీలింగ్ (మోకాలి మీద) 20, ప్రోన్ 20, స్టాండింగ్ (నిలబడి) 20, మొత్తం 60 షాట్లు. అన్నిసార్లు అలా లేచి పడితే చివరికి ఎంత ఓపిక మిగులుతుందో నువ్వే ఆలోచించు.

నీ గురిలో లోపం లేదు. ఎయిర్ రైఫిల్లో 10 మీటర్ల నుంచి అర మిల్లీమీటరు చుక్కని కొడుతున్న పిల్లవి. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు 10.4 మిల్లీమీటర్లు, అంటే నీ చిటికెనవేలి గోరంత. అది నీకు కొత్త భయమేమీ కాదు. ఇబ్బందల్లా బోల్ట్ ఏ పక్కన ఉందన్నదే.

మీ నాన్న అయితే సింపుల్‌గా, ‘కుడి భుజానికి మార్చేస్తే పోలా? క్లబ్బులో అన్నీ కుడివే కదా’ అన్నారు. నాకూ అది సబబుగానే అనిపించి కోచ్ సార్‌ని అడిగాను. ఆయన నిన్ను పిలిచి, రెండు అరచేతులూ చాచి వేళ్ల మధ్య చిన్న సందు పెట్టుకుని, అందులోంచి రేంజ్ చివర గోడ మీది నంబరు పలక చూడమన్నారు గుర్తుందా? రెండు కళ్లూ తెరిచి చూశావు. ఎడమ కన్ను మూయమనగానే పలక మాయమైపోయింది. కుడి కన్ను మూసినప్పుడు అక్కడే ఉంది. నీ చెయ్యీ ఎడమదే, నీ గురి కన్నూ ఎడమదే. కొంతమంది పిల్లలకి చెయ్యి ఒకటి, కన్ను ఇంకొకటి అయి నానా తిప్పలు పడతారట. నీకు రెండూ ఒకే పక్క పడ్డాయి. దాన్ని చేజేతులా కుడికి మార్చడమంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే అన్నారు సార్. కుడి బోల్ట్‌తోనే అలవాటు పడిపోయిన ఎడమచేతి షూటర్లు లేకపోలేదు, కానీ ఎలాగూ ఖర్చు పెట్టేటప్పుడు నువ్వు దానికి అలవాటు పడటమెందుకు?

కాబట్టి మనకి కావలసింది ఎడమ పక్క బోల్ట్. నువ్వు చెప్పిన ఆ మూడు కంపెనీల్లోనూ ఎడమచేతి మోడళ్లు దొరుకుతాయి. మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో మాత్రం అరుదు. ఈ సీజన్‌కి కాదన్నది అందుకే.

ఇక అక్క రైఫిల్. అది మంచిది కాదని ఎవరన్నారు? బంగారం లాంటి రైఫిల్. కానీ అక్క నీకంటే జానెడు పొడుగు, రెండేళ్లుగా జిమ్ చేస్తోంది. ఆ బరువు స్టాండింగ్‌లో మోయాలంటే నువ్వు నడుము వెనక్కి విరిచి నిలబడాలి. ఇప్పుడే నువ్వు అలా నిలబడుతున్నావు, ఎయిర్ రైఫిల్‌కే. దాని బరువు రూల్ ప్రకారమే ఐదున్నర కిలోలు దాటకూడదు. పాయింట్ టూటూ మ్యాచ్ రైఫిళ్లు అంతకంటే బరువు తూగేవి బోలెడు. ఎదిగే వెన్నెముక మీద రోజూ అంత భారం పెట్టడం నాకు ఇష్టం లేదు. తేలిక గొట్టం, తేలిక స్టాక్ (గొట్టాన్ని మోసే చట్రం) ఉన్న జూనియర్ మోడల్ చూద్దాం. బలం వచ్చాక తూకాలు తగిలించుకోవచ్చు. బరువు కలపడం తేలికే, తీసేయడం కుదరదు.

పోయిన ఏడాది నీ యూనిఫాం రెండుసార్లు కుట్టించాం. రైఫిల్‌కి కూడా అదే లెక్క. బట్ ప్లేటు ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ జరగాలి. చీక్‌పీస్ ఎత్తు మారాలి. అల్యూమినియం స్టాక్ అయితే ఇవన్నీ ఒక ఎలెన్ కీతో అయిపోతాయి. చెక్క స్టాక్ చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులో సర్దుబాటు తక్కువ. నాకు చెక్కే నచ్చింది, అయినా నా ఇష్టంతో పనేముంది.

ఏదైనా రైఫిల్ చేతికిస్తే ముందు పేరు చూడకు. సార్ నాకు చూపించిన పద్ధతి ఇది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి పెట్టుకో, చెంప ఎక్కడ హాయిగా ఆనితే అక్కడ ఆనించు, అప్పుడు కళ్లు తెరువు. వెనక సైట్ కన్నంలో ముందు రింగు సరిగ్గా మధ్యలో కనిపించాలి. దానికోసం మెడ చాపినా, చెంప నొక్కినా ఆ సైజు నీది కానట్టే. తర్వాత గ్రిప్ పట్టుకుని వేలు ట్రిగ్గర్ మీద పెట్టు. వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనాలి, అందుకోవడానికి అరచెయ్యి గ్రిప్ మీద జరగకూడదు. నీ చేతులు చిన్నవి కాబట్టి సగం రైఫిళ్లు ఇక్కడే తప్పుకుంటాయి.

ఇప్పుడు నీకు బోరు కొట్టే సంగతి, చట్టం. ఎయిర్ రైఫిల్ వేరు, ఇది వేరు. పాయింట్ టూటూ ఫైర్‌ఆర్మ్ కిందికి వస్తుంది, లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడానికి లేదు. మామూలుగా లైసెన్స్‌కి 21 ఏళ్లు నిండాలి. 12 దాటిన పిల్లలు శిక్షణలో భాగంగా, పెద్దల పర్యవేక్షణలో కాల్చొచ్చు. నువ్విప్పుడు చేస్తున్నది అదే. జూనియర్ టార్గెట్ షూటర్లకి ప్రత్యేకంగా ఒక దారి ఉంది కానీ దానికి స్కోర్లు కావాలి, అసోసియేషన్ కాగితాలు కావాలి, పోలీసు విచారణ జరగాలి. షాపుకెళ్లి బ్యాట్ కొన్నట్టు కాదు. మీ నాన్న ఫైలు మొదలుపెట్టారు. ఆయనకి కాగితాలంటే ఎంత ప్రేమో తెలుసుగా, ఒక్కోదానికీ మూడు జిరాక్సులు తీసి క్లిప్పు పెట్టారు.

ఆయన హుషారుకి అసలు కారణం వేరే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో కంచు గెలిచిన స్వప్నిల్ కుసాలే అప్పట్లో రైల్వేలో టికెట్ కలెక్టర్ కదా. అప్పటి నుంచి ‘మా డిపార్ట్‌మెంట్ వాడు’ అని వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నారు. అమ్మమ్మకి మాత్రం గగన్ నారంగ్ ఒక్కడే తెలుసు, 2012లో లండన్‌లో కంచు తెచ్చిన మన హైదరాబాద్ అబ్బాయి. ఈషా సింగ్ కూడా మన ఊరమ్మాయే అంటే, ‘ఆ పిల్లది పిస్టల్ కదే, తేలిగ్గా ఉంటుంది, నువ్వూ అదే పట్టుకోకపోయావా’ అంటోంది. ఆమెకి నువ్వే జవాబు చెప్పుకో.

రైఫిల్ వచ్చాక కూడా రేంజ్‌లోని ఆర్మరీలో (ఆయుధాల గదిలో) ఉంచడానికే నా ఓటు. తమ్ముడికి ఎనిమిదేళ్లు, ఏ బీరువా తాళమైనా వాడికి పది నిమిషాల పని. ఈ విషయంలో మీ నాన్న, నువ్వు కలిసి ఎన్ని చెప్పినా నేను వినను.

సెకండ్‌హ్యాండ్ అన్నానని ముఖం ముడుచుకోకు. పాయింట్ టూటూలో వెళ్లేది సీసపు గుండు, మందు కూడా కొంచెమే, అందుకే గొట్టం తొందరగా అరగదు. వేల రౌండ్లు కాల్చిన రైఫిల్ కూడా పదులు కొడుతుంది. వాడకం కంటే అడ్డదిడ్డంగా శుభ్రం చేయడం వల్లే గొట్టాలు ఎక్కువ పాడవుతాయట. మూతి వైపు నుంచి రాడ్ దూర్చి రుద్దితే గొట్టం చివరి అంచు అరిగిపోతుంది, ఇక గుండు వెళ్లేటప్పుడే వంకర తిరుగుతుంది. అందుకే కొనేముందు సార్ భూతద్దం పెట్టి మూతి అంచు చూస్తానన్నారు. ఛాంబర్ అంచు మీద గాటు ఉందేమో కూడా చూడాలి. దీన్ని రిమ్‌ఫైర్ అనేది ఊరికే కాదు. నిప్పు రాజేసే మందు గుల్ల అడుగు అంచులోనే ఉంటుంది, సూది వచ్చి ఆ అంచునే కొడుతుంది. లోపల గుల్ల లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కితే, కొన్ని రైఫిళ్లలో ఆ సూది పోయి ఛాంబర్ ఉక్కునే తన్నుతుంది. ఎయిర్ రైఫిల్‌తో నువ్వు గంటలకొద్దీ చేసే డ్రై ఫైరింగ్ దీనితో సార్‌ని అడగకుండా చేయకు. క్లబ్బు రైఫిల్‌తో అసలే వద్దు.

డబ్బు సంగతి కూడా దాచను. కొత్తది దిగుమతి చేసుకుంటే అయ్యే ఖర్చులో సగం పక్కన పెట్టి రౌండ్లకి వాడదాం అనుకుంటున్నాను. రైఫిల్ ఒకసారి కొంటాం, రౌండ్లు ప్రతి నెలా కావాలి. పైగా ఈ రౌండ్లు ఎయిర్ రైఫిల్ పెల్లెట్లలా చవక కాదు, ఒకసారి పేలిన గుల్లని మళ్లీ నింపుకునే వీలూ లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర అయినా లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే టార్గెట్ మీద గుళ్లు పడే గుంపు మారిపోతుందట. డబ్బా మీద లాట్ నంబరు ఉండేది అందుకే. రైఫిల్‌ని క్లాంపులో బిగించి, నాలుగైదు లాట్లు పది పదేసి కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడితే ఆ లాట్‌లోనే దొరికినన్ని డబ్బాలు తీసుకోవాలి. మీ సీనియర్ అక్క రైఫిల్‌కి బాగా నప్పిన రౌండ్లు నీ దానికి నప్పుతాయన్న హామీ లేదు. ఇది విన్నాక నాకు ఖరీదైన రైఫిల్ మీద మోజు సగం తగ్గింది.

ఈ సీజన్‌కి ఇలా చేద్దాం. క్లబ్బు రైఫిల్‌తో వారానికి రెండు రోజులు, ప్రోన్ మాత్రమే. బోల్ట్ కోసం చెయ్యి అటు వెళ్లొచ్చాక భుజం, చెంప, మోచెయ్యి మళ్లీ అదే చోటికి వస్తున్నాయా లేదా, అదొక్కటే చూసుకో. స్కోరు రాయకు. నీలింగ్, స్టాండింగ్ ఎయిర్ రైఫిల్‌తోనే సాగనీ. ఎడమ బోల్ట్ జూనియర్ రైఫిల్ అమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో పుణె, ఢిల్లీ వైపు తనకు తెలిసినవాళ్లని కనుక్కుంటానని సార్ అన్నారు. దొరికితే చూడటానికి నిన్నూ తీసుకెళ్తాం, నీ భుజానికి పెట్టి చూడకుండా ఏదీ కొనం.

శనివారం అవుటింగ్‌కి వచ్చేటప్పుడు షూటింగ్ జాకెట్ తీసుకురా, చంకలో బిగుతుగా ఉందన్నావు కదా, కోఠీలో ఆయన విప్పి కుడతానన్నాడు. సార్ అడిగిన రెండు కొలతలు మీ రూమ్మేట్ చేత తీయించి ఒక చీటీ మీద రాయి. మోచెయ్యి మడిచినప్పుడు దాని లోపలి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా ఒకటి, భుజం నుంచి మణికట్టు దాకా ఇంకొకటి. ఎడమ చేతివి. సెంటీమీటర్లలో.

అమ్మ