షుగరుకు వాపు మందులా? మా కిడ్నీలనూ చూసి పరీక్షించండి

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. రాష్ట్రం ఒడిశా, ఇంట్లో తెలుగు. షుగరున్న మా చిన్నమ్మ మోకాళ్ళ నొప్పికని డాక్టరు చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ అనే నొప్పి, వాపు మందు తెచ్చుకుంటుంది. పాత బిస్కెట్ల డబ్బాలో షుగరు బిళ్ళలూ, అవీ కలిపే ఉంటాయి. ఈమధ్య ఎవరు చెప్పారో, "వాపు మందుకి సుగరు కూడా దిగిపోద్దటరా, ఒక్క బిళ్ళకి రెండు పన్లు" అంటోంది.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. అందుకే అలాంటి మందు షుగరుకు పనికొస్తుందో లేదో, కిడ్నీలనూ చూస్తూ మన దేశంలోనే పరీక్షించమని ఈ ఉత్తరం.

ఆస్పిరిన్ జాతి మందులతో మూత్రంలో చక్కెర తగ్గడం 1876లోనే జర్మనీలో గమనించారు. ఒంట్లో కొవ్వు పేరుకున్నచోట సన్నగా రగిలే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వదు. ఆ జాతిదే, కీళ్ళ నొప్పులకు వాడే సాల్సలేట్‌ను అమెరికాలో జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ వాళ్ళు 286 మంది టైప్-2 రోగుల మీద 48 వారాలు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవారితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 0.37 శాతం పాయింట్లు తగ్గింది. బరువు, చెడు కొలెస్ట్రాల్ మాత్రం పెరిగాయి. మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రొటీన్) కూడా పెరిగి, మందు ఆపాక దిగింది.

మా పక్కనే ఉద్దానం ఉంది సార్. కారణం తేలని కిడ్నీ జబ్బుతో అక్కడ ఊళ్ళకు ఊళ్ళు కుంగిపోయాయి. ఆల్బుమిన్ అన్న మాట మేం ఊరికే చదివి వదిలెయ్యలేం. పైగా చిన్నమ్మ డబ్బాలో ఉన్నది సాల్సలేట్ కాదు. షుగరు రోగి ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీకే ముప్పు.

పేటెంటు తీరిన పాత మందు మీద కంపెనీలు డబ్బు పెట్టవు. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పెట్టాలి. కీళ్ళవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను 2014లో మన దేశంలోనే షుగరుకు అదనపు మందుగా అనుమతించారు, కాబట్టి దారి కొత్తది కాదు. పరీక్ష పెడితే గజపతి, గంజాం, రాయగడలను వదలొద్దు. రోగి వచ్చిన ప్రతిసారీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడండి. మా కొండ ఊళ్ళలో సికిల్ సెల్ అనే ఎర్ర రక్తకణాల జబ్బు ఉంది. అలాంటివారిలో హెచ్‌బీఏ1సీ లెక్క తప్పుతుంది, ఆ ఒక్క అంకెనే నమ్మొద్దు.

అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని కొత్త మందుల పరీక్షల 2019 నియమాలే చెబుతున్నాయి. చిన్నమ్మకి ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. కాగితం ఏదైనా వేలిముద్ర వేసేస్తుంది. తెలుగులో రాయించండి, చదివి వినిపించే మనిషిని కూడా పెట్టండి.

బిస్కెట్ల డబ్బాలోంచి ఆ డైక్లోఫెనాక్ బిళ్ళల పట్టీ నేను తీసేశాను. రెండో రోజుకి బియ్యం డబ్బాలో ఇంకోటి దొరికింది.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక బడి మాస్టారు